పేరు మనదే, ఉత్తరం ఎవరిది?
(సంఘం ఈ-మెయిల్‌కు కాపలా పెట్టుకునే పద్ధతి)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని ఆలోచించాను. చివరికి నా వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి, దానివల్ల నేను నేర్చుకున్న విద్య గురించి రాస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుందనిపించింది. నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు ఎం.సి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి.

జరిగిన సంగతి

మన పూర్వ విద్యార్థుల సంఘానికి 2022లో సొంత డొమైన్ కొన్నారు. డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో మన ఇంటిపేరు లాంటిది. ఈ-మెయిల్ అడ్రసులో @ గుర్తు తర్వాత వచ్చే భాగం అదే. "కంప్యూటర్ చదువుతున్నావు కదా, నువ్వే చూసుకో" అని అన్నలు ఆ పని నాకు అప్పగించారు. నేను మెయిల్ బాక్సులు తెరిచాను. మెయిళ్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. మెయిల్ సర్వీసు వాళ్ల సూచనల్లో చివరగా మూడు 'టి.ఎక్స్.టి. రికార్డులు' పెట్టుకోమని ఉంది. అవేమిటో నాకు అర్థం కాలేదు. మెయిళ్లు వెళ్తున్నప్పుడు ఇవెందుకులే అని వదిలేశాను.

2023 జూన్‌లో, ఇంటర్ పూర్తి చేసిన మన హాస్టల్ తమ్ముడు ఒకరికి సంఘం పేరుతో మెయిల్ వచ్చింది. 'మీరు 25,000 రూపాయల చదువు సాయానికి ఎంపికయ్యారు. ప్రాసెసింగ్ ఫీజు 1,850 రూపాయలు ఈ నంబరుకు పంపండి' అని దాని సారాంశం. పంపినవారి అడ్రసు చూస్తే అచ్చంగా మన సంఘానిదే. ఒక్క అక్షరం తేడా లేదు. వాళ్లమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆ డబ్బు పంపింది. పది రోజులు చూసి నాకు ఫోన్ చేసింది. అట్లాంటి మెయిల్ మేము పంపలేదని చెప్పాను. "మీ సంఘం పేరే గద బిడ్డా రాసి ఉన్నది! మేం ఎట్ల అనుమానిస్తం?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. సంఘం అన్నలు తలా కొంత వేసుకుని ఆమె డబ్బు ఆమెకు ఇచ్చేశారు. అయితే నష్టం అంతటితో ఆగలేదు. తర్వాతి నెలలో నిజంగానే ఫీజు సాయం కోసం దరఖాస్తు పెట్టుకోమని మేము మెయిల్ పంపితే, ఇది కూడా మోసమేనని ఇద్దరు తమ్ముళ్లు పక్కన పెట్టేశారు. అందులో ఒకరికి గడువు దాటిపోయింది. దొంగ మెయిల్‌ను నమ్మి ఒకరు, అసలు మెయిల్‌ను నమ్మక ఇంకొకరు నష్టపోయారు. రెండింటికీ కారణం నేను వదిలేసిన ఆ మూడు రికార్డులే.

ఎవరి పేరైనా ఎట్లా రాయగలరు?

ఈ-మెయిల్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే పద్ధతిని ఎస్.ఎం.టి.పి. అంటారు. దాన్ని 1982లో జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త రాశారు. అప్పటికి ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు మాత్రమే. అవన్నీ విశ్వవిద్యాలయాలవి, పరిశోధన సంస్థలవి, సైన్యానివి. అందువల్ల పంపేవాడు తన పేరు నిజమే రాస్తాడనే నమ్మకంతో ఆ పద్ధతి తయారైంది. పంపినవారు ఫలానా అని రాస్తే అది నిజమో కాదో చూసే ఏర్పాటు అందులో లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. పోస్టు ఉత్తరం లాగే ఈ-మెయిల్‌కు కూడా బయట ఒక కవరు, లోపల ఒక కాగితం ఉంటాయి. కవరు మీద ఒక 'ఫ్రం' అడ్రసు, లోపలి కాగితం మీద ఇంకో 'ఫ్రం' అడ్రసు. మనకు ఫోన్‌లో కనిపించేది లోపలి కాగితం మీదిది. కవరు మీదిది సర్వర్లు చూసుకుంటాయి. ఈ రెండూ ఒకటే కావాలని 1982 నాటి పద్ధతిలో నియమం లేదు. మోసగాళ్లకు దారి దొరికింది అక్కడే.

మన గేటు దగ్గరి మూడు నియమాలు

ఇది అర్థం కావడానికి మన హాస్టల్ సంగతే చెబుతాను. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పదో తరగతి అన్న ఒకరు తన తండ్రి రాసినట్టుగా తనే ఉత్తరం రాసుకుని, తెలిసినవాడి చేత తెప్పించి, 'నాయనకు బాగాలేదు' అని చెప్పి మూడు రోజులు ఊరు వెళ్లివచ్చాడు. సంగతి బయటపడ్డాక అప్పటి వార్డెన్ సార్ మూడు నియమాలు పెట్టారు.

మొదటిది, ప్రతి పిల్లవాడి పేరు కింద, వాడి ఇంటి నుంచి ఎవరెవరు ఉత్తరం తేవచ్చో రిజిస్టర్‌లో రాసి పెట్టారు. రెండోది, తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో నమూనాగా ఆఫీసులో ఉంచారు. మా నాయనది వేలిముద్రే. ఉత్తరం మీది ముద్రను నమూనాతో పోల్చి చూసేవారు. మూడోది, ఇవి కలవకపోతే వాచ్‌మన్ ఏం చేయాలో రాతపూర్వకంగా ఇచ్చారు. దాంతోపాటు ఆ రోజు ఎవరెవరు వచ్చారో సాయంత్రం చెప్పాలని ఆదేశించారు.

ఈ-మెయిల్‌లో ఆ మూడు నియమాలకే ఎస్.పి.ఎఫ్., డికిమ్, డిమార్క్ అని పేర్లు. రిజిస్టర్ స్థానంలో ఉండేది డి.ఎన్.ఎస్. డి.ఎన్.ఎస్. అంటే ప్రపంచంలో ఎవరైనా చదవగలిగిన, మన డొమైన్‌కు సంబంధించినంతవరకు మనం మాత్రమే రాయగలిగిన నోటీసు బోర్డు. ఆ బోర్డు మీద అంటించే చిన్న చీటీలే నేను వదిలేసిన టి.ఎక్స్.టి. రికార్డులు.

ఎస్.పి.ఎఫ్.: ఎవరు తేవచ్చు?

సెండర్ పాలసీ ఫ్రేమ్‌వర్క్ అనేది దీని పూర్తి పేరు. 2006లో దీన్ని ప్రయోగాత్మక పత్రంగా ప్రచురించారు, 2014లో సవరించారు. మా డొమైన్ పేరుతో మెయిల్ తెచ్చే హక్కు ఈ సర్వర్లకే ఉంది అని చెప్పే జాబితా ఇది. మెయిల్ అందుకున్న సర్వర్, తెచ్చిన సర్వర్ నంబరు ఆ జాబితాలో ఉందా లేదా అని చూస్తుంది.

గూగుల్ మెయిల్ సర్వీసు వాడే సంస్థ అయితే ఆ చీటీ ఇట్లా ఉంటుంది. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి:

వి=ఎస్‌పిఎఫ్1 ఇన్‌క్లూడ్:_ఎస్‌పిఎఫ్.గూగుల్.కామ్ ~ఆల్

మొదటి ముక్క ఇది ఎస్.పి.ఎఫ్. చీటీ అని చెబుతుంది. రెండోది గూగుల్ జాబితాలోని సర్వర్లన్నీ మాకు సమ్మతమే అంటుంది. చివరిది మిగిలినవాళ్లందరినీ అనుమానంగా చూడమంటుంది. '~' బదులు '-' పెడితే మిగిలినవాళ్లకు అనుమతి లేదని కచ్చితంగా చెప్పినట్టు.

దీనికి ఒక పెద్ద లోపం ఉంది. ఎస్.పి.ఎఫ్. చూసేది కవరు మీది అడ్రసును మాత్రమే. మన తమ్ముడికి వచ్చిన దొంగ మెయిల్‌ను తర్వాత విప్పి చూస్తే, లోపల మన సంఘం పేరు, కవరు మీద మాత్రం ఎవరిదో వేరే డొమైన్ పేరు ఉన్నాయి. ఆ వేరే డొమైన్ జాబితా ప్రకారం ఎస్.పి.ఎఫ్. 'పాస్' అయింది! గేటు దగ్గర ఒకడు వచ్చి వేరే పిల్లవాడి జాబితాలో తన పేరు చూపించి లోపలికి వచ్చి, మీ నాయన పేరుతో ఉత్తరం ఇచ్చినట్టన్నమాట. కాబట్టి మేము ఎస్.పి.ఎఫ్. ఒక్కటే పెట్టుకుని ఉన్నా ఆ మెయిల్ ఆగేదని చెప్పలేం.

డికిమ్: వేలిముద్ర ఎవరిది?

డొమైన్‌కీస్ ఐడెంటిఫైడ్ మెయిల్ అనే పేరును కుదిస్తే డికిమ్. యాహూ సంస్థ పద్ధతిని, సిస్కో సంస్థ పద్ధతిని కలిపి దీన్ని తయారుచేశారు. 2007లో ప్రమాణంగా వచ్చింది.

ఇందులో రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి రహస్యమైనది, అది మన మెయిల్ సర్వర్ దగ్గరే ఉంటుంది. రెండోది బహిరంగమైనది, దాన్ని డి.ఎన్.ఎస్. బోర్డు మీద పెడతాం. మెయిల్ బయలుదేరేటప్పుడు సర్వర్ రహస్య చెవితో ఒక ముద్ర వేస్తుంది. అందుకున్నవాళ్లు బోర్డు మీది చెవితో ఆ ముద్రను సరిచూస్తారు. బొటనవేలు మన దగ్గరే ఉంటుంది, నమూనా మాత్రమే ఆఫీసులో ఉంటుంది కదా, అట్లాగే. తేడా ఏమిటంటే ఈ ముద్ర ప్రతి ఉత్తరానికీ వేరుగా ఉంటుంది. లోపలి మాటలను బట్టి లెక్కగట్టి వేస్తారు కాబట్టి, దారిలో ఎవరైనా 1,850ని 2,850గా మార్చినా ముద్ర కలవదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఒక మెయిల్ అడ్రసుకు వచ్చినవి ఇంకో అడ్రసుకు ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ అయ్యేట్టు కొందరు పెట్టుకుంటారు. అప్పుడు తెచ్చే సర్వర్ మారిపోతుంది కాబట్టి ఎస్.పి.ఎఫ్. సాధారణంగా తప్పుతుంది. ముద్ర ఉత్తరంతోపాటే వెళ్తుంది కాబట్టి, ఉత్తరంలో మార్పు లేకపోతే డికిమ్ నిలబడుతుంది.

ఈ తాళంచెవి ఎంత పొడవుండాలి అనేదానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెబుతారు. జాకరీ హ్యారిస్ అనే గణిత శాస్త్రవేత్తకు గూగుల్ నుంచి ఉద్యోగం గురించి మెయిల్ వచ్చింది. ఇది నిజమైనదేనా అని విప్పి చూస్తే గూగుల్ డికిమ్ చెవి 512 బిట్లే ఉంది. అంత చిన్న చెవిని అద్దె కంప్యూటర్లతో ఛేదించవచ్చు. తనను పరీక్షించడానికే ఇట్లా పెట్టారేమో అనుకుని ఆయన ఆ చెవిని కనిపెట్టి, గూగుల్ వ్యవస్థాపకులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లలో ఒకరు ఇంకొకరికి రాసినట్టుగా మెయిల్ పంపారు. జవాబు రాలేదు గానీ రెండు రోజుల్లో గూగుల్ తన చెవిని 2048 బిట్లకు మార్చింది. 512 బిట్ల చెవిని ఛేదించడానికి సుమారు 72 గంటలు, 75 డాలర్లు చాలని ఆయన చెప్పారు. ఈ సంగతి 2012లో పత్రికల్లో వచ్చింది. అంత పెద్ద సంస్థకే పొరపాటు జరిగింది. కాబట్టి చెవి పొడవు ఎంత అని అడిగినప్పుడు 2048 ఎంచుకోండి.

డిమార్క్: కలవకపోతే ఏం చేయాలి?

పై రెండూ ఉన్నా ఒక ప్రశ్న మిగిలింది. కలవకపోతే ఏం చేయాలో చెప్పేదెవరు? ఆ లోటు తీర్చేది డిమార్క్. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్, పేపాల్ వంటి సంస్థలు కలిసి దీన్ని 2012లో ప్రకటించాయి. 2015లో పత్రంగా ప్రచురితమైంది.

డిమార్క్ మూడు పనులు చేస్తుంది. మొదటిది, ఎస్.పి.ఎఫ్. గానీ డికిమ్ గానీ పాస్ అయితే చాలదు, పాస్ అయిన డొమైన్, లోపలి కాగితం మీద మనకు కనిపించే డొమైన్ ఒకటే కావాలంటుంది. వేరేవాళ్ల జాబితా చూపించి లోపలికి వచ్చే దారి ఇక్కడ మూసుకుపోతుంది. రెండోది, కలవని మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ సొంతదారు మాటగా చెబుతుంది. ఇందులో మూడు స్థాయిలున్నాయి. 'నన్' అంటే రానివ్వండి, రాసి పెట్టుకోండి. 'క్వారంటైన్' అంటే పక్కన కూర్చోబెట్టండి, అంటే స్పామ్‌లో వేయండి. 'రిజెక్ట్' అంటే గేటు దగ్గర నుంచే వెనక్కి పంపండి. మూడోది, మన పేరుతో ఏయే సర్వర్ల నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయో మనకు రిపోర్టు పంపమంటుంది. చీటీ ఇట్లా ఉంటుంది:

వి=డిమార్క్1; పి=నన్; ఆర్‌యుఎ=మెయిల్‌టు:రిపోర్ట్స్@ఎగ్జాంపుల్.ఆర్గ్

ఎగ్జాంపుల్.ఆర్గ్ అనేది ఇట్లా పాఠాల్లో చెప్పడానికే కేటాయించిన పేరు. ఆ చోట మీ డొమైన్ రాసుకోవాలి.

మేము చేసిన పని, వరుసగా

1. ముందు కాగితం మీద జాబితా రాశాం. సంఘం పేరుతో మెయిల్ ఎక్కడెక్కడి నుంచి వెళ్తుంది? మెయిల్ బాక్సుల నుంచి, వార్షికోత్సవ ఆహ్వానాలు ఒకేసారి పంపే సర్వీసు నుంచి, వెబ్‌సైటులోని దరఖాస్తు ఫారం నుంచి. ఇందులో ఏది మరిచిపోయినా రేపు మన మెయిలే మన గేటు దగ్గర ఆగిపోతుంది.

2. డొమైన్ కొన్న చోట లాగిన్ అయి డి.ఎన్.ఎస్. పేజీలో ఎస్.పి.ఎఫ్. చీటీ పెట్టాం. ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. రెండో సర్వీసు కోసం రెండో ఎస్.పి.ఎఫ్. చీటీ పెట్టాను. ఒక డొమైన్‌కు ఒకటే ఎస్.పి.ఎఫ్. ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. అన్ని సర్వీసులనూ ఒకే చీటీలో ఇన్‌క్లూడ్ చేయాలి. అట్లా చేర్చుకుంటూ పోయినా, దాన్ని సరిచూడటానికి పదికి మించి డి.ఎన్.ఎస్. వెతుకులాటలు పట్టకూడదు. పట్టితే అదీ తప్పుకిందే లెక్క.

3. మెయిల్ సర్వీసు అడ్మిన్ పేజీలో డికిమ్ చెవి తయారుచేసి, వాళ్లిచ్చిన పొడవాటి అక్షరమాలను డి.ఎన్.ఎస్.లో అతికించాం. ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు కాబట్టి కొన్ని చోట్ల దాన్ని రెండు ముక్కలుగా పెట్టాలి. చీటీ పెట్టాక మళ్లీ అడ్మిన్ పేజీకి వచ్చి 'స్టార్ట్ అథెంటికేషన్' నొక్కాలి. చాలామంది ఈ చివరి నొక్కుడు మరిచిపోతారు.

4. రెండు రోజులు ఆగి, 'నన్'తో డిమార్క్ పెట్టాం. రిపోర్టులు ఎక్స్.ఎం.ఎల్. ఫైళ్లుగా వస్తాయి. చూడగానే భయపడకండి. సర్వర్ నంబరు, మెయిళ్ల సంఖ్య, పాస్ లేదా ఫెయిల్, ఈ మూడు చూస్తే చాలు. వెబ్‌సైటు ఫారం నుంచి వెళ్లే మెయిళ్లన్నీ ఫెయిల్ అవుతున్నాయని మాకు తెలిసింది వాటివల్లే. వాటిని కూడా మెయిల్ బాక్సు ద్వారానే వెళ్లేట్టు మార్చాం.

5. మన మెయిళ్లన్నీ పాస్ అవుతున్నాయని నెల రోజులు చూశాక 'క్వారంటైన్', ఆ తర్వాత 'రిజెక్ట్' పెట్టాం. 'నన్' దగ్గరే ఆగిపోతే వాచ్‌మన్ రాసుకుంటాడే గానీ ఎవరినీ ఆపడు.

సరిగ్గా కుదిరిందా అని చూడటం తేలిక. సంఘం అడ్రసు నుంచి మీ జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపుకోండి. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' నొక్కండి. ఎస్.పి.ఎఫ్., డికిమ్, డిమార్క్ మూడింటి పక్కనా 'పాస్' అని ఉండాలి. ఈ మొత్తం పనికి మాకు అదనంగా పైసా ఖర్చు కాలేదు. కావలసింది ఓపిక మాత్రమే.

ఇప్పుడు ఇది ఇష్టముంటే చేసే పని కాదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు మెయిల్ పంపేవాళ్లకు ఎస్.పి.ఎఫ్., డికిమ్‌లలో ఒకటైనా ఉండాలి. రోజుకు 5,000 పైన పంపేవాళ్లకు డిమార్క్‌తో సహా మూడూ ఉండాలి. యాహూ కూడా అప్పుడే ఇటువంటి నియమాలు పెట్టింది. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా పెద్ద ఎత్తున పంపేవాళ్లకు ఇదే నియమం తెచ్చింది. డొమైన్ కొని మెయిల్ వాడకుండా ఉంచిన సంఘాలు కూడా 'మా పేరుతో ఎవరూ పంపరు' అనే అర్థం వచ్చేట్టు 'వి=ఎస్‌పిఎఫ్1 -ఆల్' అని ఒక చీటీ, 'రిజెక్ట్'తో డిమార్క్ చీటీ పెట్టుకోవాలి. ఖాళీ ఇంటికి కూడా తాళం వేస్తాం కదా.

దీనితో తీరనిది

ఇవన్నీ పెట్టుకున్నంత మాత్రాన మోసం పోదు. మోసగాడు మన పేరును పోలిన ఇంకో డొమైన్ కొని, ఒక అక్షరం మార్చి, దానికి ఈ మూడూ సక్రమంగా పెట్టుకోవచ్చు. 'పాస్' అంటే ఈ మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చింది అని మాత్రమే అర్థం. ఆ డొమైన్‌వాడు మంచివాడని కాదు. అందుకే తమ్ముళ్లూ, మెయిల్ వచ్చినప్పుడు పైన పెద్దక్షరాల్లో కనిపించే పేరు చూసి ఆగిపోకండి. @ తర్వాత ఉన్నది అక్షరం అక్షరం చదవండి. ప్రభుత్వ కార్యాలయాల మెయిళ్లు మామూలుగా గవ్.ఇన్ లేదా నిక్.ఇన్‌తో ముగుస్తాయి. స్కాలర్‌షిప్ ఇస్తామంటూ ముందుగా డబ్బు అడిగితే పంపకండి, ముందు హాస్టల్‌కు ఫోన్ చేయండి. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. మేము ఆ తల్లి సంగతిలో పది రోజులు ఆలస్యమయ్యాం.

చివరి మాట

కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్, టి.సి., ప్రతి కాగితానికీ సంతకం, ముద్ర, అటెస్టేషన్ కావాలని చిన్నప్పటి నుంచి తిరిగినవాళ్లం మనం. 'నేను చెబుతున్నాను కదా' అంటే మన మాట ఏ కౌంటర్ దగ్గరా చెల్లలేదు. రుజువు లేకపోతే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అట్లాంటిది, మన సంఘం పేరుకు రుజువు పెట్టకుండా గాలికి వదిలేసినవాణ్ణి నేనే. మనల్ని నమ్మే తల్లిదండ్రుల్లో చాలామంది ఆ మెయిల్ స్వయంగా చదవలేరు. పిల్లలు చదివి వినిపిస్తే సంఘం పేరు విని నమ్ముతారు. ఆ పేరును కాపాడటం చదువుకున్న మన పని.

రిజెక్ట్ పెట్టాక 2023 డిసెంబర్‌లో ఒక రిపోర్టు వచ్చింది. మనకు సంబంధం లేని ఒక సర్వర్ నుంచి మన పేరుతో పంపిన 41 మెయిళ్లను గేటు దగ్గరే తిప్పి పంపామని అందులో ఉంది. ఆ రోజే ఆ తల్లికి ఫోన్ చేసి చెప్పాను. "మంచిగైంది బిడ్డా, ఇంకెవ్వరికీ గట్ల గావొద్దు" అన్నది.

మన హాస్టల్ పూర్వ విద్యార్థుల్లో ఊరి యువజన సంఘానికో, చిన్న వ్యాపారానికో సొంత డొమైన్ పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ రాత్రే 'షో ఒరిజినల్' నొక్కి చూసుకోండి. కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లు సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే ఆదివారం స్టడీ అవర్‌లో నన్ను కలవండి. సంఘం డి.ఎన్.ఎస్. పేజీ తెరిచి చూపిస్తాను. నా తర్వాత ఈ పని చూసుకోవడానికి మీలో ఇద్దరు కావాలి.